నలుగురి యెదుట ఒక పాఠము

న్యాయవాది వాదించునపుడు ఎదుట మరియొక న్యాయవాది ఉండును. పై పీఠమున న్యాయమూర్తి వినుచుండును. శస్త్రవైద్యుడు కత్తి పట్టినపుడు ప్రక్కన మత్తుమందు ఇచ్చు వైద్యుడు, చేయి అందించు సహాయకులు ఉందురు. గాయకుని ప్రక్కన మృదంగము, ఫిడేలు. ముందు వరుసలో తల యూపుచునో, పెదవి విరుచుచునో సాటి విద్వాంసులు. నేతపనివారి పడుగు సహితము వీధిలోనే సాగును. ఒక్క ఉపాధ్యాయుని పని మాత్రము నాలుగు గోడల నడుమ, దాని తప్పొప్పులు ఎన్నజాలని పసివారి యెదుట జరిగి, గంట కొట్టుటతో మాసిపోవును. నల్లబల్ల తుడిచివేసినంతనే ఆ పాఠమునకు సాక్ష్యము ఉండదు.

ఒకే గోడకు ఇటొకరు, అటొకరుగా ఇరువది యేండ్లు పాఠములు చెప్పియు, ఒకరి పాఠమును మరియొకరు ఒక్క గంటయైనను కూర్చుండి వినకయే పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు మన యూళ్లలో ఎందరో కలరు. వారికి స్నేహము లేక కాదు. విరామ సమయమున కలిసి టీ త్రాగుదురు; ఒకరి యింటి పెండ్లికి ఒకరు పోదురు; బదిలీలను గూర్చియు, కరువు భత్యమును గూర్చియు గంటల కొలది ముచ్చటింతురు. "నిన్న నేను చెప్పిన భిన్నముల పాఠము సగము తరగతికి ఏల ఎక్కలేదు?" అను ప్రశ్న మాత్రము ఆ గదిలో పుట్టదు. పుట్టినచో, అడిగినవాని అసమర్థతగా నలుగురును తలతురేమో యని భయము.

డాన్ లార్టీ అను అమెరికను సమాజశాస్త్రజ్ఞుడు 1975లో ఉపాధ్యాయ వృత్తిని గూర్చి ప్రకటించిన గ్రంథమున పాఠశాలను గ్రుడ్లు పేర్చు అట్టపెట్టెతో పోల్చెను. ప్రతి గ్రుడ్డునకు ఒక గుంట. ఒకటి మరియొకదానికి తగులదు. ఆయన గమనించిన మరియొక సంగతి ఇంకను ముఖ్యమైనది. ఉపాధ్యాయుడు ఈ వృత్తిలో చేరక పూర్వమే పదేండ్లకు పైగా విద్యార్థిగా బల్లపై కూర్చుండి, ఇతరులు పాఠము చెప్పు తీరును చూచినవాడు. అందుచేత శిక్షణ కళాశాలలో ఏమి నేర్చినను, తరగతిలో అడుగిడినంతనే తన చిన్ననాటి మాస్టారి గొంతే వాని గొంతున పలుకును. ఆ మాస్టారు మంచివారైనచో అదృష్టమే. కానిచో ఆ తప్పులు తరము నుండి తరమునకు నడచుచునే యుండును. ఆపువారు లేరు, ఏలయన చూచువారు లేరు.

నష్టము అంతటితో తీరదు. ఒక ఉపాధ్యాయిని ముప్పది యేండ్లలో ఎన్నో కిటుకులు కనిపెట్టియుండును. గుణింతము ఏ మాటలతో మొదలిడినచో సులువుగా పట్టుబడునో, శ-ష-సల తికమక ఎక్కడ ప్రారంభమగునో, నోరు విప్పని పిల్లవానిచేత మొదటి మాట ఎట్లు పలికింపవలెనో ఆమెకు తెలియును. పదవీ విరమణ నాడు సభ చేసి, శాలువా కప్పి, పూలదండ వేసి, ఆటో యెక్కించి పంపుదురు. ముప్పది యేండ్ల విద్య ఆ సాయంత్రమే ఆమెతో ఇంటికి వెడలిపోవును. మరునాడు ఆ తరగతికి వచ్చిన క్రొత్తవారు ఓనమాల నుండి మొదలిడుదురు. ఇంతటి దుబారా మరి యే చేతిపనిలోను లేదు. కుమ్మరి తన సారె కొడుకునకు ఇచ్చి పోవును.

ఈ యొంటరితనమును పోగొట్టుటకే 1990 తరువాత పాశ్చాత్య దేశములలో ‘వృత్తిపర అభ్యసన సమాజము’ అను పేరు ప్రచారములోనికి వచ్చినది. నేడు మన శిక్షణ తరగతులలోను ఆ పేరు తరచు వినబడుచున్నది. పేరు బరువైనది, వస్తువు తేలికైనది. తమ బోధనను కలిసి పరిశీలించుకొని, కలిసి మెరుగుపరచుకొను ఉపాధ్యాయుల సమూహమని దాని యర్థము. ఆ పేరు పుట్టకమునుపే, 1982లో, జూడిత్ వారెన్ లిటిల్ అను పరిశోధకురాలు కొన్ని పాఠశాలలను పరిశీలించి, బాగుగా నడచుచున్నవాని యందలి ఉపాధ్యాయులకు కొన్ని అలవాట్లు ఉన్నట్లు చెప్పెను. వారు బోధనను గూర్చి పొడిమాటలు కాక విడమరచి మాటలాడుదురు. ఒకరి తరగతిని ఒకరు చూతురు. కలిసి పాఠములు సిద్ధము చేసికొందురు. ఒకరికి తెలిసినది మరియొకరికి నేర్పుదురు. వినుటకు ఇందులో వింత లేదు. ఐతే ఇవి యన్నియు ఏ బరువైన పేరును లేకయే శతాబ్దమునకు పైగా నడచుచున్న దేశము ఒకటి కలదు.

1872లో జపాను ప్రభుత్వము ఆధునిక విద్యాశాసనమును ప్రకటించెను. ఆ యేడే టోకియోలో ఉపాధ్యాయ శిక్షణకై నార్మల్ స్కూలు నెలకొల్పి, మేరియన్ స్కాట్ అను అమెరికను ఉపాధ్యాయుని అందు నియమించిరి. గురువు ఒక్కొక్క శిష్యుని చెంతకు పిలిచి వేరువేరుగా చెప్పుటయే అంతవరకు వారికి అలవాటు. తరగతికంతకు ఒక్కసారిగా చెప్పుట క్రొత్త. క్రొత్త గనుక చూచి నేర్వవలసి వచ్చెను. ఒకరు చెప్పుచుండగా పలువురు చూచి, పిమ్మట కూర్చుండి విమర్శించు ఆచారము అట్లు ఏర్పడి, శిక్షణ సంస్థల నుండి ప్రాథమిక పాఠశాలలకు ప్రాకెను. దానిని వారు ‘జుగ్యో కెన్‌క్యూ’ అందురు. జుగ్యో యనగా పాఠము. కెన్‌క్యూ యనగా పరిశోధన. మనకు పరిశోధన యనినంతనే విశ్వవిద్యాలయము, డాక్టరేటు, బైండు చేసిన సిద్ధాంతగ్రంథము జ్ఞప్తికి వచ్చును. వారికి ఒకటవ తరగతి తీసివేత లెక్క కూడ పరిశోధనకు తగిన వస్తువే.

ఆ లెక్కనే తీసికొందము. పదికి పైబడిన సంఖ్య నుండి ఒంటి అంకెను తీసివేయుట పిల్లలకు తొలిసారిగా నేర్పవలసియున్నది. మొదటి లెక్కగా ఏది ఇయ్యవలెను? మనకు ఇది ప్రశ్నయే కాదు. పుస్తకములో ఏది యున్నచో అది. జపాను ఉపాధ్యాయులు మాత్రము నాలుగైదు పాఠ్యపుస్తకములు ముందు పెట్టుకొని, ఏ పుస్తకము ఏ అంకెలతో మొదలిడినది, ఏల మొదలిడినది అని తరచి చూతురు. 13లో నుండి 9 తీసివేయుమనినచో, పిల్లవాడు 13ను పది, మూడుగా విడదీయును. పదిలో తొమ్మిది పోగా ఒకటి. దానికి మూడు కలిపి నాలుగు. తొమ్మిది పదికి ప్రక్కనే యున్నది గనుక ఈ త్రోవ సులువు. 12లో నుండి 3 అనినచో ఆ పిల్లవాడే వేరొక త్రోవ పట్టును: ముందు రెండు తీసివేసి పదికి దిగును, ఇంకొకటి తీసివేసి తొమ్మిది అనును. మరి 12లో నుండి 7 అనినచో? ఆ లెక్క రెండు త్రోవల నడుమ నున్నది. కొందరు ఇటు పోదురు, కొందరు అటు పోదురు, కొందరు వ్రేళ్లు మడిచి లెక్కింతురు. ఒక పద్ధతి పిల్లల మనస్సున స్థిరముగా నాటుకొనవలెనన్నచో 13, 9 మేలు. పిల్లలు పలువిధముల ఆలోచించి, ఆ యాలోచనలను తామే పోల్చి చూచుకొనవలెనన్నచో 12, 7 మేలు. అంకెలు ఎన్నుకొన్ననాడే తరగతి నడక సగము నిర్ణయమైనది.

పసిపిల్లల లెక్కకు ఇంత తర్కమా యని కొందరు నవ్వవచ్చును. మహాకావ్యమున ఒక పదమునకు పాఠాంతరము కనబడినచో పది పుటలు వ్రాయు తెలుగు పండితులమైన మనము నవ్వరాదు.

ఇట్లు వారముల తరబడి కలిసి సిద్ధపరచిన పాఠమును నిర్ణీత దినమున వారిలో ఒకరు తరగతిలో చెప్పుదురు. తక్కినవారు గోడల వెంబడి నిలిచి చూతురు. వారి చూపు ఉపాధ్యాయునిపై కంటె పిల్లలపైననే ఎక్కువగా ఉండును. ఏ పిల్ల ముందు ఏమి వ్రాసి కొట్టివేసినది, ఎవడు ప్రక్కవాని పుస్తకమును చూచెను, ఏ ప్రశ్న దగ్గర తరగతి నిశ్శబ్దమైపోయినది, అన్నియు కాగితముపై గుర్తించుకొందురు. పిల్లవాడు తప్పు చేయుచున్నను చూపరులు సరిదిద్దరాదు. ఆ తప్పును చూచుటకే వారు వచ్చిరి. నల్లబల్లను వాడుటకు సైతము వారు ‘బాన్‌షో’ అని ఒక ప్రత్యేకమైన పేరు పెట్టుకొనిరి. ప్రశ్న, దానికి పిల్లలు పట్టిన త్రోవలు, తుదకు తేలిన విషయము, అన్నియు ఏది యెక్కడ రావలెనో ముందే యోచించి వ్రాయుదురు, సాధ్యమైనంతవరకు తుడిచివేయరు. 45 నిమిషముల పాఠము ముగియునప్పటికి తరగతి ఆలోచన యంతయు బల్లపై పటము వలె నిలిచియుండును. గంట కొట్టినను సాక్ష్యము మాసిపోదు.

పిమ్మట సమావేశము. పాఠము చెప్పినవారే మొదట మాటలాడుదురు: తాము తలచినదేమి, జరిగినదేమి. తరువాత చూచినవారు. తుదకు బయటినుండి పిలిపించిన అనుభవజ్ఞుడు ఒకరు. ఇందులో నేను మిక్కిలి మెచ్చుకొనునది ఒకటి కలదు. పాఠమును అందరును కలిసి అల్లినారు గనుక, అది చెడినచో చెడినది అందరి పాఠమే. చెప్పిన వ్యక్తి దోషిగా నిలువడు. "మనము ఆ ప్రశ్నను ముందుగా అడిగియుండవలసినది" అని మాటలాడుకొనుటకు వీలు కలుగును. మన తనిఖీ నివేదికలలో ఆ ‘మనము’ ఎన్నడైనను కనబడినదా? సవరించిన పాఠమును వేరొక తరగతిలో వేరొకరు చెప్పి చూచుటయు కలదు. చర్చలో తేలిన సంగతులు, పిల్లలు చేసిన తప్పులతో సహా, పుస్తకరూపమున పాఠశాలలో నిలిచియుండును. క్రొత్తగా చేరినవారు దానిని చదువుకొందురు. శాలువాతో పాటు విద్య వెడలిపోదు.

జేమ్స్ స్టిగ్లర్, జేమ్స్ హీబర్ట్ అను ఇద్దరు అమెరికను ఆచార్యులు మూడు దేశముల గణిత తరగతుల చలనచిత్రములను పోల్చి చూచి, 1999లో ప్రకటించిన గ్రంథమువలన ఈ పద్ధతి ఇతర దేశములకు విశేషముగా తెలియవచ్చినది. అప్పటినుండి అనేక దేశములు దీనిని అనుకరించుచున్నవి. జపానులో అంతయు బంగారమే యని నేను చెప్పను. 2018లో జరిగిన అంతర్జాతీయ పరిశీలనలో అక్కడి దిగువ సెకండరీ ఉపాధ్యాయులు వారమునకు 56 గంటలు పనిచేయుచున్నట్లు తేలినది. పరిశీలించిన దేశములన్నిటిలో అదియే అత్యధికము. ఉపాధ్యాయుని విశ్రాంతిని హరించి నడిపిన ఏ సమాజమును చిరకాలము నిలువదు.

నా విషయము తెలుగు గనుక, ఈ పద్ధతి మన వ్యాకరణ పాఠమునకు ఎట్లు పొసగునో చూచితిని. ఉన్నత పాఠశాలలో సంధులు చెప్పుట యెట్లు? సూత్రము చెప్పుదుము, పిల్లలు వల్లెవేయుదురు, పరీక్షలో విడదీసి వ్రాయుదురు, వేసవి సెలవులలో మరచిపోదురు. ముగ్గురు తెలుగు ఉపాధ్యాయులు ఒక్క సాయంకాలము కూర్చుండి, ఉకారసంధికి మొదటి ఉదాహరణము ఏది కావలెనని ప్రశ్నించుకొన్నారనుకొనుడు. ఒకరు ‘రాముడతడు’ అందురు. గ్రంథములలో వాడుక యున్నది, చూచుటకు శుద్ధముగా నున్నది. రెండవవారు ‘వాడెక్కడ’ అందురు. అది పిల్లవాడు బడికి వచ్చుచు దారిలో నాలుగుసార్లు పలికిన మాట. మొదటిదానితో సంధి పుస్తకములోని వింతగా కనబడును. రెండవదానితో పిల్లవాడు తన నోటిలోనే సంధి యున్నదని కనిపెట్టును; సూత్రము తరువాత వచ్చి వానికి తెలిసినదానికి పేరు పెట్టును. ఇంతవరకు రెండవవారిదే గెలుపు.

అప్పుడు మూడవవారు మరునాటి చిక్కును ముందే చూపుదురు. ఉకారమునకు సంధి నిత్యమని నేర్చిన పిల్లవానికి ఇకారసంధి రాగానే ‘ఏమి’, ‘అంటివి’ కలిసి ‘ఏమంటివి’ యనియు, ‘ఏమియంటివి’ యనియు రెండును సరియే యని చెప్పవలెను. వెనువెంటనే, ‘తెచ్చి’ వంటి క్రియలకు మాత్రము సంధి లేదు, ‘తెచ్చియిచ్చెను’ అనవలెను అని చెప్పవలెను. వెనుక బల్లపై కూర్చున్న పిల్లవాడు లేచి, "మా యింట్లో అందరును తెచ్చిచ్చాడు అనియే అంటారు గదా, మాస్టారూ" అనును. నోటిలోని మాటతో పాఠము మొదలిడిన ఉపాధ్యాయునికి ఇప్పుడు ఆ నోటినే కాదనవలసిన గతి పట్టినది. ఆ ప్రశ్నకు ఒంటరి ఉపాధ్యాయుని సమాధానము సాధారణముగా "కూర్చో" అనునదే. ముగ్గురు ముందుగా ఆలోచించుకొన్నచో, వ్యవహారభాష వేరు, వ్యాకరణము వర్ణించు గ్రాంథికభాష వేరు అని చెప్పుటకు అంతకంటె మంచి సందర్భము దొరకదని తెలిసికొందురు. ఆ పిల్లవాని ప్రశ్నయే మరునాటి పాఠమగును. చిన్నయసూరి బాలవ్యాకరణము 1858లో వెలువడినది. ఇన్ని యేండ్లుగా సంధులు చెప్పుచున్నాము. ఏ ఉదాహరణము వద్ద ఏ తరగతి పిల్లలు ఎట్లు తడబడుదురో వ్రాసి దాచిన పుస్తకము మాత్రము నాకు ఏ పాఠశాలలోను కనబడలేదు.

ఇవన్నియు జపానుకే చెల్లును, మన దేశమున సాగవు అనువారు కలరు. వారికి మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాదు సంగతి చెప్పవలెను. ఆ జిల్లాకు 2022 నుండి నర్మదాపురమని పేరు. 1972లో అక్కడ కిశోర భారతి, రసూలియా గ్రామమందలి ఫ్రెండ్స్ రూరల్ సెంటరు అను రెండు సంస్థలు, ప్రభుత్వ అనుమతితో, 16 మాధ్యమిక పాఠశాలలలో క్రొత్త విజ్ఞానశాస్త్ర బోధన మొదలిడెను. 1978 నాటికి అది జిల్లాలోని మాధ్యమిక పాఠశాలలన్నిటికిని వ్యాపించినది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు ప్రయోగములు చేసి నేర్వవలెను. వారి ‘బాల్ వైజ్ఞానిక్’ పుస్తకమున ప్రశ్నలును, చేయవలసిన పనులును ఉండును, సమాధానములు ఉండవు. సమాధానము పిల్లవాడే తన ప్రయోగమును బట్టి వ్రాసికొనవలెను. పరీక్షకు పుస్తకము వెంట తీసికొని పోవచ్చును.

సమాధానములు లేని పుస్తకముతో పాఠము చెప్పవలసి వచ్చిన గ్రామ ఉపాధ్యాయుని పాట్లు ఊహింపుడు. ఆ పాట్లు తీర్చుటకే నెలనెలా గోష్ఠి. చుట్టుప్రక్కల పాఠశాలల వారు ఒక కేంద్ర పాఠశాలలో కూడి, ఆ నెలలో ఏ ప్రయోగము కుదరలేదు, పిల్లలు అడిగిన ఏ ప్రశ్నకు తాము నివ్వెరపోయిరి అని చెప్పుకొందురు. కుదరని ప్రయోగమును అక్కడనే మరల చేసి చూతురు. వేసవి శిక్షణలో ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఆచార్యులు, బొంబాయి టాటా పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు గ్రామ ఉపాధ్యాయులతో పాటు కూర్చుండి పనిచేసిరి. పాఠ్యపుస్తకములోని అధ్యాయము తరగతిలో నడువలేదని ఉపాధ్యాయులు చెప్పినచో అధ్యాయమునే మార్చిరి. ఈ దేశమున పాఠ్యపుస్తకము ఉపాధ్యాయునికి తలయొగ్గుట అరుదైన దృశ్యము. ఆ యనుభవము గల ఉపాధ్యాయులే ఇతర పాఠశాలలకు పోయి తోటివారి తరగతులు చూచి సాయపడిరి. 1982లో స్థాపితమైన ఏకలవ్య అను సంస్థ తరువాత ఈ భారమును వహించెను.

2002లో రాష్ట్రప్రభుత్వము ఈ కార్యక్రమమును నిలిపివేసెను. ముప్పది యేండ్ల పని ఒక ఉత్తర్వుతో ఆగిపోయినది. అనుకూల ప్రతికూల వాదముల జోలికి నేను పోను. ఒక్కటి మాత్రము గమనింపదగినది. ఉపాధ్యాయ సమాజము పెరుగుటకు తరము పట్టును. తీసివేయుటకు ఒక మధ్యాహ్నము చాలును.

మన తెలుగునాటను ఈ బీజము లేకపోలేదు. ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దమున జె.ఏ. యేట్స్ అను దొర ఉత్తర సర్కారులలో పాఠశాలల తనిఖీ అధికారిగా ఉండెను. తెలుగు నేర్చుకొనుచు, జనులు మాటలాడు తెలుగునకు, పుస్తకములలోని తెలుగునకు ఇంత యెడమేల యని ఆయనకు సందేహము కలిగెను. విశాఖపట్నమున ఏ.వి.ఎన్. కళాశాలాధ్యక్షులు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరమున గురజాడ అప్పారావుగారు, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు రామమూర్తిగారు ఆ సందేహమును చేపట్టిరి. అయ్యంగారు తెలుగు బోధన సంస్కరణకై ఒక సమాజమునే స్థాపించిరి. తరువాత అది పెద్ద భాషోద్యమమై, మన సాహిత్యచరిత్రలో వాదములకు, ప్రతివాదములకు కారణమైనది. ఆ పేరుతోనే మనము దానిని స్మరింతుము. కాని దాని మొదలు ఒక తరగతిగది ప్రశ్న: పిల్లలకు తెలుగు ఎట్లు చెప్పవలెను? తనిఖీకి వచ్చినవాడు ఉత్తర్వు ఇయ్యక ప్రశ్న వేయుటయు, ఆ ప్రశ్నను వేరువేరు ఊళ్ల ఉపాధ్యాయులు కలిసి మోయుటయు ఇందు నాకు విలువైనవిగా తోచును. (నేను ఈ వ్యాసము వ్రాయుచున్న భాషను చూచినచో గిడుగువారు నామీద మరియొక వ్యాసము వ్రాసియుందురు. అది వేరు సంగతి.)

1980 తరువాత బ్రిటిషు ప్రభుత్వ ధనసహాయముతో నడచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యాపథకమున ఉపాధ్యాయ కేంద్రములు వెలసినవి. చుట్టుప్రక్కల ప్రాథమిక పాఠశాలల వారు అక్కడ కలిసికొని, స్థానికముగా దొరకు చింతగింజలతో, పుల్లలతో, పాత క్యాలెండర్లతో బోధనోపకరణములు చేసికొని, పిల్లల పనులను గోడలపై ప్రదర్శించుట ఆ పథకములోని ముఖ్యాంశము. ఆనాటి ఉపాధ్యాయులను కదిలించినచో ఇప్పటికిని ఆ కేంద్రములను గూర్చి ఉత్సాహముతో చెప్పుదురు. అంతకుముందే, 1964-66 నాటి కొఠారీ సంఘము, ఒక ఉన్నత పాఠశాల చుట్టు ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలను కూర్చి పాఠశాలా సముదాయములు ఏర్పరుపవలెనని సూచించినది. స్కూల్ కాంప్లెక్సు అని నేడు మనము పిలుచునది ఆ యూహ సంతానమే. 2020 నాటి జాతీయ విద్యావిధానము దానికి మరల ప్రాధాన్యమిచ్చి, ప్రతి ఉపాధ్యాయుడు ఏటా 50 గంటలు వృత్తివికాసమునకు వినియోగింపవలెనని చెప్పినది.

కాగితముపై లోపము లేదు. ఐనను కాంప్లెక్సు సమావేశమునకు పోయి వచ్చిన ఉపాధ్యాయులను "ఏమి నేర్చితిరి?" అని అడిగినచో, చాలమంది చిరునవ్వే సమాధానముగా ఇత్తురు. సంతకములు జరిగినవి, పైనుండి వచ్చిన ఉత్తర్వులు చదివిరి, పంపవలసిన లెక్కలు పంపలేదని హెచ్చరించిరి, ఒక నమూనా పాఠము జరిగినట్లు ఫోటో తీసి పంపిరి. ఫోటోలోని పాఠమునకు పిల్లలు అక్కరలేదు. ఆండీ హార్గ్రీవ్స్ అను విద్యావేత్త ఇటువంటిదానికి కృత్రిమ సాహచర్యమని అర్థము వచ్చు పేరు పెట్టినాడు. స్థలము, కాలము, విషయము అన్నియు పైవారే నిర్ణయించి, ఉపాధ్యాయులను ఒక గదిలో కూర్చుండబెట్టినంత మాత్రమున వారు కలిసి ఆలోచింపరు. తన తరగతిలోని ఓటమిని నలుగురిలో విప్పి చెప్పుటకు, విన్నవారు దానిని మరునాడు తనపై ప్రయోగింపరను నమ్మకము ఉండవలెను. జపాను గోడల వెంబడి నిలిచినవారి చేతిలో మార్కుల పట్టిక లేదు.

ఈ విషయమున మన రాష్ట్రములకు ఒక ప్రత్యేకమైన తొందర కలదు. 2024-25 ప్రభుత్వ లెక్కల ప్రకారము దేశమున ఒకే యుపాధ్యాయుడు గల పాఠశాలలు లక్షకు మించినవి; రాష్ట్రములలో మొదటి స్థానము ఆంధ్రప్రదేశ్‌దే, 12 వేలకు పైబడి. లార్టీ చెప్పిన అట్టపెట్టెలో కనీసము ప్రక్కగుంటలో మరియొక గ్రుడ్డు ఉన్నది. ఇక్కడ అదియు లేదు. ఐదు తరగతుల పిల్లలను ఒకే గదిలో కూర్చుండబెట్టుకొని, హాజరు వేసి, మధ్యాహ్న భోజనము చూచి, పాఠము చెప్పు ఆ ఒంటరి ఉపాధ్యాయినికి తన వృత్తిని గూర్చి మరియొక వృత్తిజ్ఞునితో మాటలాడు అవకాశము ఆ కాంప్లెక్సు సమావేశము నాడు తప్ప లేదు. ఆమె బస్సు పట్టుకొని అంత దూరము వచ్చి, ఉత్తర్వులు విని, సంతకము పెట్టి పోయినచో, తిరిగి ఆ గదిలోనికి వెళ్లువేళ ఆమె చేతిలో ఏమున్నట్లు?

ఆమె సంచిలో ఒక పిల్లవాని నోటుపుస్తకము తెచ్చుకొన్నచో చాలును. 52లో నుండి 38 తీసివేసి 26 అని వ్రాసిన పిల్లవాడు ప్రతి పాఠశాలలోను ఉండును. వాడు అజాగ్రత్తగా చేయలేదు. ఒకట్ల స్థానమున ఎనిమిది పెద్దది గనుక ఎనిమిదిలో నుండి రెండు తీసివేసెను, పదుల స్థానమున ఐదులో నుండి మూడు. పెద్దదానిలో నుండి చిన్నదానిని తీసివేయవలెనని మనమే గదా నేర్పితిమి. ఆ పుస్తకమును బల్లమీద పెట్టి, వాడు ఏ త్రోవన అక్కడికి చేరెనో పదిమంది ఉపాధ్యాయులు కలిసి వెదకుట కష్టము కాదు. ఒకరు పుల్లల కట్టలతో చెప్పుదునందురు. ఒకరు పదిరూపాయల నోటు మార్చి చూపుదునందురు. ఒకరు లేచి, ఆ కేంద్ర పాఠశాలలోని రెండవ తరగతి పిల్లలకు అప్పటికప్పుడే చెప్పి చూపుదురు. తక్కినవారు గోడ ప్రక్కన నిలిచి పిల్లల పలకలు చూతురు. దీనికి ధనసహాయము అక్కరలేదు, ప్రొజెక్టరు అక్కరలేదు. మండల విద్యాధికారి వచ్చినచో రావచ్చును. ఆయనయు ఒక పలక దగ్గర నిలువవలెను.

మూడు గంటల సమావేశమున పాఠమునకు నలువది నిమిషములు, దానిపై మాటకు మరి నలువది. మిగిలిన గంట నలువది నిమిషములు ఉత్తర్వులు చదువుటకు సరిపోవును; టీకి కూడ.